నలభై దాటాయా? ముందు ఆది జాకెట్టు మార్చండి

"అక్కా, నలభై దాటేశాయి. ఇప్పుడు ఏం కట్టుకుంటే బాగుంటుంది?"

కోనసీమలో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టడం మొదలెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ ప్రశ్న వినని నెల లేదు. టీచర్లు అడుగుతారు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు అడుగుతారు, కూతురి పెళ్ళి కుదిరిన తల్లులైతే కంగారుగా అడుగుతారు. అందరూ రంగు దగ్గరో, మోడల్ దగ్గరో మొదలెడతారు. నేను మాత్రం వాళ్ళు కొలతకని సంచిలోంచి తీసిన ఆది జాకెట్టు అందుకుని తిరగేసి చూస్తాను. ఎక్కువసార్లు అది పదేళ్ళనాటిది. పక్క కుట్లు రెండుసార్లు విప్పి ఉంటాయి. చంక కింద బట్ట పలచబడి పోగులు కనిపిస్తుంటాయి. మధ్య హుక్కు లాగి లాగి కాజా సాగిపోయి ఉంటుంది. దాన్నే ఇచ్చి "ఇలాగే కుట్టు, కాస్త లూజు వదులు చాలు" అంటారు.

నలభై దాటాక జబ్బలు నిండుతాయి, నడుం పెరుగుతుంది, ఛాతీ కాస్త కిందికి దిగుతుంది. నెలసరి ఆగిపోయే రోజులు దగ్గరపడితే ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతాయి. ఆది జాకెట్టుకి ఇవేవీ తెలియవు. అందుకే నేను చెప్పే వరస ఇది: లోపల వేసుకునేవి, కొలతలు, జాకెట్టు, ఆ తర్వాత బట్ట, అన్నిటికన్నా చివర రంగు. ఈ వరస తిరగబడితే ఎంత ఖరీదైన చీర కొన్నా అద్దం ముందు మనసు చిన్నబోతుంది.

కావలసినవి

- మెత్తటి కొలత టేపు, 60 అంగుళాలది. కుట్టుమిషను సామాన్ల కొట్లో దొరుకుతుంది. ఇనప టేపు వద్దు.
- ఒక కాగితం, పెన్ను.
- నిలువుటద్దం. లేకపోతే ఫోను, ఫొటో తీసిపెట్టే మనిషి.
- మీ దగ్గరున్నవాటిలో ఒంటికి బాగా కుదిరిన జాకెట్టు ఒకటి, కుర్తీ ఒకటి.
- మీరు రోజూ వేసుకునే బ్రా, లంగా, చెప్పులు.
- ఎవరూ పిలవని ఓ మధ్యాహ్నం.

1. బీరువా మంచం మీద పోయండి

మూడు కుప్పలు పెట్టండి. ఈ ఏడాది కట్టుకున్నవి ఒకటి. పట్టక పక్కన పెట్టినవి ఒకటి. పడుతున్నా చెయ్యి వెళ్ళనివి ఒకటి. రెండో కుప్ప, మూడో కుప్పల్లో ఒక్కోదానికి కారణం కాగితం మీద రాయండి. "చెయ్యి బిగుతు", "మెడ జారుతోంది", "బరువు", "మెడ దగ్గర గుచ్చుకుంటోంది" లాగా రెండు మాటలు చాలు.

మొన్నామధ్య ఒకావిడ ఇలా రాసుకొచ్చారు. పక్కన పెట్టిన పద్నాలుగు జాకెట్లలో తొమ్మిదింటికి ఒకటే కారణం, చెయ్యి బిగుతు. లోపల బట్ట వదిలి కుట్టినవి అయిదున్నాయి. అవి ఒక్క మధ్యాహ్నంలో విప్పి ఇచ్చేశాను. కొత్త జాకెట్టు ఒక్కటీ కుట్టకుండానే ఆవిడకి అయిదు చీరలు తిరిగొచ్చాయి. కొనడానికి బయల్దేరే ముందు ఈ పని తప్పకుండా చెయ్యండి.

2. లోపలివి సరిచేసుకోండి

జాకెట్టు కుదరలేదని నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి అసలు కుదరనిది బ్రా. కొత్త బ్రా కొనేటప్పుడు అన్నిటికన్నా వదులుగా ఉండే బయటి హుక్కు పెట్టుకుని చూడాలి. అక్కడ సరిగ్గా పట్టాలి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి హుక్కులకి వెళ్తారు. వీపు మీద పట్టీ పైకి ఎక్కిపోతుంటే చుట్టుకొలత పెద్దదయినట్టు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరితే సరిపోయినట్టు. బరువు మోసేది ఆ పట్టీయే. భుజాల మీద గాట్లు పడుతున్నాయంటే పట్టీ తన పని చెయ్యడం లేదని అర్థం.

లంగాకి సన్న బొందు బదులు ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీ వేయించుకోండి. బొందు ఒకేచోట ఏళ్ళ తరబడి కోసుకుంటే నడుం చుట్టూ నల్లటి గాడి పడుతుంది. అక్కడ పుండు పడి మానకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి, సిగ్గుపడే విషయం కాదది. తుంటి దగ్గర వెడల్పున్నవాళ్ళకి కుచ్చుల లంగా కంటే, నడుం దగ్గర ఒంటికి సరిపోయి కిందికి విచ్చుకునే కట్ బాగుంటుంది. చీర కింద దళసరి కనపడదు.

3. కొలతలు కొత్తగా తీసుకోండి

మీ అంతట మీరు తీసుకోవద్దు. చెల్లెలో, కూతురో, వదినో ఒకరుండాలి. సరైన బ్రా వేసుకునే కొలవాలి.

ఛాతీ చుట్టు కొలిచేటప్పుడు చేతులు కిందికి వదిలెయ్యండి, ఊపిరి బిగబట్టకండి. టేపు వీపు మీద కిందికి జారకుండా చూడమనండి. నడుం నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి కొలవండి. జాకెట్టు పట్టీకి, కుర్తీకి కూర్చున్నప్పటి కొలతే లెక్క. చెయ్యి లూజు కొలిచేటప్పుడు మోచెయ్యి మడవండి. చెయ్యి చాపి కొలిచిన జాకెట్టు అన్నం వడ్డించేటప్పుడు పట్టేస్తుంది.

ఇక అందరూ వదిలేసే కొలత టక్కు పాయింటు. టక్కంటే ఛాతీ దగ్గర బట్ట మడిచి వేసే కుట్టు. భుజం మీద కుట్టు నుంచి ఛాతీ ఎత్తుగా ఉండే చోటు వరకు ఉండే దూరం అది. పదేళ్ళలో అది అర అంగుళమో, అంగుళమో కిందికి దిగి ఉంటుంది. పాత ఆదితో కుడితే టక్కు మొన పైన ఖాళీగా గుంట పడుతుంది, కింద మాత్రం బిగుసుకుంటుంది. అద్దంలో చూసి "లావయ్యాను" అనుకుంటారు. ఆ మొన అర అంగుళం దించితే అదే మనిషి అదే జాకెట్టులో తీరుగా కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పుకి కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు నా దగ్గర.

చంక గురించి ఇంకో మాట. "చెయ్యి లేవట్లేదు, చంక దగ్గర లూజు చెయ్యండి" అని అడుగుతారు. టైలరు చంకని కిందికి తవ్వేస్తాడు. ఇంకా పాడవుతుంది, ఎందుకంటే చంక ఎంత కిందికుంటే చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టంతా అంత పైకి లేస్తుంది. చంక ఎత్తుగానే ఉండాలి. లూజు చెయ్యి వెడల్పులోనూ, పక్క కుట్లలోనూ రావాలి. ఇలాగే అడగండి: "చంక దించొద్దు, చెయ్యి వెడల్పు చెయ్యండి."

4. జాకెట్టు ఎలా చెప్పి కుట్టించుకోవాలి

చెయ్యి పొడవు ఎప్పుడూ జబ్బ బాగా లావుగా ఉండే చోట ఆగకూడదు. అక్కడ ఆగితే చూపంతా అక్కడే పడుతుంది. మోచేతికి ఒకటి రెండు అంగుళాల పైదాకా రానివ్వండి. ఎక్కువమందికి పది, పదకొండు అంగుళాలు సరిపోతుంది. పొట్టి చేతులే ఇష్టమైతే అలాగే కుట్టించుకోండి, కానీ చివర బిగుతు వద్దు.

మెడ పొట్టిగా ఉన్నవాళ్ళకి పైకంటా మూసుకుపోయే బోట్ నెక్ కన్నా గుండ్రటి మెడ, వి మెడ బాగుంటాయి. వెనక మెడ లోతుగా కావాలంటే మానుకోనక్కర్లేదు. ఏడంగుళాలు దాటితే తాళ్ళు పెట్టించుకోండి, లేకపోతే భుజాలు జారి రోజంతా సర్దుకుంటూనే ఉంటారు. భుజం దగ్గర పట్టీ వెడల్పు రెండంగుళాలకి తగ్గనివ్వకండి, బ్రా పట్టీ దాగుతుంది.

లైనింగు కాటనే వేయించండి. మా డెల్టాలో రోహిణి కార్తె ఉక్కపోతకి పాలిస్టర్ లైనింగుతో జాకెట్టు వేసుకోవడమంటే ఒంటికి ప్లాస్టిక్ సంచి చుట్టుకోవడమే. ఆవిర్లు వచ్చేవాళ్ళకి మరీ కష్టం. లైనింగు బట్టని కుట్టేముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరవెయ్యాలి. ఇది మీరే ఇంట్లో చేసి ఇవ్వండి. చెయ్యకపోతే మొదటి ఉతుకుకి లైనింగు కుంచించుకుని పై బట్ట ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఏ ఇస్త్రీకీ పోవు.

చీరతో వచ్చే జాకెట్టు ముక్క తరచుగా 80 సెంటీమీటర్లే ఉంటుంది. ఛాతీ 40 అంగుళాలు దాటి, మోచేతి దాకా చేతులు కావాలంటే అది చాలదు. చేతులకి వేరే బట్ట కలపాలి, లేదా మీటరు బట్ట విడిగా కొనాలి. పక్క కుట్లలో ఒక్కో వైపు అంగుళంన్నర బట్ట లోపల వదలమని గట్టిగా చెప్పండి. ముందు బట్ట ఒక్కటే కాదు, చేతుల కుట్టులో కూడా వదలాలి. చాలామంది టైలర్లు అక్కడ కత్తిరించేస్తారు.

హుక్కులు వెనక పెట్టించుకోవాలా, ముందా? ఎవరి సాయం లేకుండా వేసుకోవాలంటే ముందే. భుజం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు వెనక హుక్కుల జోలికెళ్ళకండి.

5. బట్ట ఎంచుకోవడం

ఫాల్గుణం నుంచి మృగశిర కార్తె దాకా రోజువారీకి కాటన్. మనకి దగ్గర్లోనే అమలాపురం పక్కన బండారులంక ఉంది, రామచంద్రపురం వైపు పులుగుర్త ఉంది. అక్కడి నేత చీరలు ఒకటి రెండు ఉతుకుల తర్వాత మెత్తబడి ఒంటి మీద పడుకుంటాయి. నూలు కౌంటు అడగండి. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నగా ఉంటుంది, 100 కౌంటు చీర 60 కౌంటు కన్నా పలచన, మెత్తన. గంజి మాత్రం పలచగా పెట్టండి. చిక్కటి గంజి పెడితే కాటన్ చీర తుంటి దగ్గర గుడారంలా లేచి నిలబడుతుంది, రెండు సైజులు లావు చూపిస్తుంది.

పెళ్ళిళ్ళకి కంచిపట్టే కావాలని లేదు. బరువైన పట్టుచీర కట్టుకుని రాత్రి ముహూర్తం దాకా కూర్చోవడం నడుంనొప్పి ఉన్నవాళ్ళకి శిక్ష. కాకినాడ నుంచి తీరం వెంట వెళ్తే ఉప్పాడ వస్తుంది. అక్కడి జాందానీ చీరలకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. బరువు తక్కువ, చూపుకి పెద్దింటి కళ. కొనేటప్పుడు చీర వెనక్కి తిప్పండి. చేత్తో నేసిన జాందానీ పువ్వు రెండు పక్కలా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. వెనక పోగులు వేలాడుతున్నా, కత్తిరించిన మొనలు గుచ్చుకుంటున్నా అది వేరే నేత.

పట్టో కాదో తేల్చుకోవాలంటే కొంగు కుచ్చుల్లోంచి రెండు పోగులు తీసి ఇంటికొచ్చాక స్టీలు పళ్ళెంలో వెలిగించండి, పక్కన నీళ్ళు పెట్టుకోండి. పట్టు జుట్టు కాలిన వాసనేసి, బూడిద వేళ్ళ మధ్య పొడవుతుంది. కాటన్ కాగితం కాలిన వాసనేస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నిలువు పోగు, అడ్డ పోగు రెండూ విడివిడిగా చూడండి. ఒకటి పట్టు, ఒకటి కాకపోవడం మామూలే. ఇంత శ్రమెందుకనుకుంటే సిల్క్ మార్క్ చీటీ ఉన్నదే అడగండి.

ఎత్తు తక్కువున్నవాళ్ళకి అంచు నాలుగంగుళాల లోపు బాగుంటుంది. వెడల్పాటి అంచులు ఎత్తు మనిషిని మరింత హుందాగా చూపిస్తాయి, పొట్టి మనిషిని సగానికి కోసేస్తాయి. పువ్వుల సంగతి కూడా అంతే: అరచెయ్యంత పెద్దవి, మిరియమంత చిన్నవి రెండూ కాకుండా మధ్యలో ఉన్నవి ఎక్కువమందికి నప్పుతాయి.

సాదా కాటన్ జాకెట్టుకో, కుర్తీకో నరసాపురం లేసు అంచు వేయించుకోవడం నాకు చాలా ఇష్టమైన పని. మన ఆడవాళ్ళు ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లే ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చేతుల చివరా మెడ చుట్టూ వెయ్యండి, ఛాతీ మీద అడ్డంగా వద్దు. లేసుని కూడా ముందే తడిపి ఆరబెట్టాలి.

ద్వారపూడిలో, రాజమహేంద్రవరం తాడితోటలో రకాలెక్కువ, రద్దీ అంతకన్నా ఎక్కువ. కొట్టు తీసిన గంటలోపు వెళ్తే చీర పూర్తిగా విప్పి చూపించే తీరిక వాళ్ళకి ఉంటుంది.

6. రంగు

నలభై మూడో ఏట రాజమహేంద్రవరంలో ఒక పెద్ద కొట్టుకి వెళ్ళాను. కుర్రాడు నా చెంపల మీద నెరిసిన జుట్టు చూశాడు. బిస్కట్ రంగు, గంధం రంగు, గచ్చకాయ రంగు తెచ్చి పరిచాడు. "మీ ఏజ్‌కి ఇవే వెళ్తాయండి" అన్నాడు. మారు మాట్లాడకుండా గచ్చకాయ రంగు కొనుక్కున్నాను. రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ "ఒంట్లో బాలేదా వదినా?" అని అడిగారు. ఆ చీర తప్పు కాదది. ముఖం పక్కన ఏ రంగు పెట్టాలో నేను చూసుకోలేదు.

ముఖానికి ఆనుకుని ఉండేవి జాకెట్టు మెడ, పైట. అక్కడ మీ చాయని వెలిగించే రంగుండాలి. కొట్లో ట్యూబులైట్ల కింద నిర్ణయం తీసుకోకండి. చీరని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, పైట భుజాన వేసుకుని పగటి వెలుగులో ఫొటో తీయించుకోండి. ఫిల్టర్లు తీసేయండి. ఫొటోలో ముందు మీ ముఖం కనపడితే అది మీ రంగు. ముందు చీర కనపడితే పక్కన పెట్టండి. జుట్టు నెరిసినవాళ్ళకి నేరేడు రంగు, నెమలికంఠం, మిరపపండు ఎరుపు, అరిటాకు పచ్చ ఎంత కళనిస్తాయో నా కళ్ళతో చూశాను. లేతరంగు చీరలు ఇప్పటికే ఉంటే పారెయ్యనక్కర్లేదు. వంకాయ రంగో, ఇటిక రంగో జాకెట్టు కుట్టించి జతచెయ్యండి.

భర్త పోయిన ఒకావిడ మూడేళ్ళు తెలుపు, బూడిద తప్ప కట్టలేదు. ఓ రోజు నెమలికంఠం రంగు కాటన్ తెచ్చి, తలుపు దగ్గరే నిలబడి "కుడతావా?" అని అడిగారు. కుట్టాను. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే రంగు చీర మీరే కొనిపెట్టండి.

7. కుర్తీలు

స్కూటీ మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళకి, బస్సులు ఎక్కి దిగేవాళ్ళకి ఇవే సుఖం. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చోవాలి. పక్క చీలికలు తుంటి దగ్గరే మొదలవ్వాలి, పైకెళ్తే పొట్ట బయటపడుతుంది. పొడవు మోకాలి దగ్గరుంటే నిండుగా ఉంటుంది. కాళ్ళకి అతుక్కునే లెగ్గింగ్ బదులు నిటారు కాటన్ ప్యాంటు వేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఎం, ఎల్ అక్షరాలు నమ్మకండి. మీకు బాగా పట్టే కుర్తీని మంచం మీద పరిచి ఒక చంక నుంచి రెండో చంక దాకా కొలిచి రెట్టింపు చెయ్యండి. వాళ్ళిచ్చిన పట్టికలో బట్ట కొలతతో పోల్చండి, ఒంటి కొలతతో కాదు. సాగని కాటన్ అయితే ఒంటి కొలత కన్నా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుండాలి. 44 అంగుళాల పొడవు ఒక్క ఉతుక్కి అంగుళం పైనే తగ్గొచ్చు.

8. సరిచూసుకోవడం

టైలరు దగ్గరే వేసుకుని చూడండి, ఇంటికి తీసుకెళ్ళి కాదు. జడ వేసుకుంటున్నట్టు రెండు చేతులూ పైకెత్తండి: జాకెట్టు అంగుళానికి మించి లేవకూడదు. నేల మీద కూర్చుని లేవండి. హుక్కుల మధ్య బట్ట కన్నులా తెరుచుకుంటే ఛాతీ బిగుతు. హుక్కులు బాగానే ఉండి చంక ముందర అడ్డ ముడతలు పడితే చెయ్యి బిగుతు. అయిదు నిమిషాలు కూర్చోండి, ఊపిరి పూర్తిగా తీసుకోండి. వెనక నుంచి ఫొటో తీయించుకోండి, అద్దం చూపించనిది అది చూపిస్తుంది.

చీర కట్టేముందు చెప్పులు వేసుకోవాలి. చెప్పులు లేకుండా కుచ్చిళ్ళు పెట్టి, ఆ తర్వాత ఎత్తు చెప్పులు వేసుకుంటే చీలమండలు బయటపడతాయి. ఫాల్ బట్టని కూడా ముందే తడిపి కుట్టించండి, లేకపోతే అంచు సంచిలా ముడుచుకుంటుంది.

కొత్త జత కుదిరిందో లేదో తేల్చుకోవడానికి నేను చెప్పే చోట్లు రెండు. ఒకటి, శనివారం వాడపల్లి వెంకన్న గుడి. ఏడు ప్రదక్షిణాలు అయ్యేలోపు పైట ఎన్నిసార్లు సర్దుకున్నారో లెక్కపెట్టండి. రెండుకి మించితే భుజం దగ్గర పిన్నో, మెడ లోతో సరిచెయ్యాలి. రెండోది సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటే పంటు పడవ. గోదారి గాలికి నిలిచిన పైట పెళ్ళి పందిట్లో తప్పకుండా నిలుస్తుంది.

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళకి రంగులు త్వరగా వెలిసిపోతాయి, జరీ నల్లబడుతుంది. ఆఖరి జాడింపు మంచినీళ్ళతో చెయ్యండి, నీడలో ఆరవెయ్యండి.

ఎక్కువమంది చేసే తప్పులు

చీర కొని, పెళ్ళికి నాలుగు రోజుల ముందు జాకెట్టు ఇవ్వడం. సీజన్‌లో కనీసం మూడు వారాలు ముందివ్వండి, వారం ముందు ఒకసారి వేసి చూసుకునేలా.

"తగ్గాక వేసుకుంటా" అని ఒక సైజు బిగుతుగా కుట్టించుకోవడం. ఇప్పుడున్న ఒంటికి కుట్టించండి. తగ్గితే పక్కలు పట్టడం పావుగంట పని.

ఒకేసారి అరడజను జాకెట్లు ఇచ్చెయ్యడం. కొత్త కొలతలతో ముందు ఒక్కటే, మామూలు కాటన్‌తో కుట్టించండి. రెండుసార్లు ఉతికి, రోజంతా వేసుకుని, అప్పుడు పట్టు చీరల జాకెట్లు ఇవ్వండి. కుదిరిన ఆ కాటన్ జాకెట్టే ఇక మీ కొత్త ఆది. పాతదాన్ని ఆ రోజే బీరువాలోంచి తీసెయ్యండి. కొలతల కాగితం తలుపు లోపలివైపు అతికించి, ఏటా సంక్రాంతి బట్టలు కొనేముందు మళ్ళీ కొలిచి పక్కన తేదీ వెయ్యండి.